సావుకారి కారుకు అమ్మ కుట్టిన గుడ్డ

నా చిన్నప్పుడు ఆదోని రైలు స్టేషను ముందు నిలబడే జట్కాల్లో సగానికి సగం మా నాయన గూడు కట్టినవే. వెదురు బద్దలు వంచి, వాటి మీద మందపాటి గుడ్డ బిగించి, అంచులకు తోలుపట్టీ వేసి కుట్టేవాడు. వానకు కారదు, గాలికి లేవదు అని బండ్లవాళ్ళు చెప్పుకొనేవారు. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. బడికి దగ్గరి దారి వేరే ఉన్నా స్టేషను ముందు నుంచే పోయేదాన్ని. ఇది మా నాయనది, అది మా నాయనది అని మనసులో అనుకొంటూ నడవడం నాకు పండుగలాగా ఉండేది.

మా అమ్మ ఇంట్లో చేతిమిషను మీద రవికలు కుట్టేది. ఆమె పుట్టింది ఎమ్మిగనూరులో, మగ్గాల ఇంట్లో. మా వీధి ఆడవాళ్ళే కాదు, అవతలి వీధుల వాళ్ళు కూడా గుడ్డ పట్టుకొని ఆమె దగ్గరికి వచ్చేవారు. అయినా మా ఇంట్లో నాయన చేసేది పని అనీ, అమ్మ చేసేది తీరిక ఉన్నప్పుడు చేసుకొనేది అనీ ఒక లెక్క ఉండేది. ఎవరూ నోటితో అనలేదు. ఆయన పొద్దున లేచి అంగడికి పోయేవాడు, ఆమె వంటింటి గుమ్మం పక్కన కూర్చొనేది, అంతే.

అవి కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులు. ఏ రోడ్డు మీద చూసినా బస్సులు ఎక్కువయ్యాయి. జట్కా ఎక్కేవాళ్ళు తగ్గారు. కొత్త గూడు కట్టించుకొనేవాళ్ళు ఇంకా తగ్గారు. పాతదానికి మాసిక వేయించుకొని ఇంకో ఏడాది నెట్టుకొద్దామనే వాళ్ళే అంగడికి వచ్చేవారు. నాయన దాని గురించి ఏమీ అనేవాడు కాదు. కానీ మధ్యాహ్నం పూట నేను అన్నం క్యారియరు తీసుకుపోయినప్పుడు ఆయన చేతిలో సూది లేకుండా కనిపించడం మొదలైంది. అంతకుముందు అలా ఎప్పుడూ చూడలేదు.

ఊళ్ళో పత్తిమిల్లు ఉన్న ఒక సావుకారికి పెద్ద నల్ల కారు ఉండేది. నాకంటే వయసులో పెద్దది. ఆ ఏడు ఎండాకాలమంతా దాన్ని పత్తి గోడౌనులో ఒక మూల నిలిపి ఉంచారు. కారు లోపల తలకు పైన, ఇనుపరేకు కనపడకుండా, ఒక గుడ్డ బిగించి ఉంటుంది. ఎలుకలు ఆ గుడ్డను కొరికి, దాని మీద కాపురం పెట్టుకొన్నాయి. తీరా బయటికి తీస్తే పేలికలు వేలాడుతున్నాయి. గుంతలో చక్రం పడినప్పుడల్లా ఎలుకలు దాచుకొన్న పత్తిగింజలు కూర్చున్నవాళ్ళ ఒడిలోకి రాలి పడేవట. సావుకారేమో వచ్చే శుక్రవారం పెద్దమనుషులను ఎక్కించుకొని కర్నూలు పోవాలి. బళ్ళారికి పంపితే పదిహేను రోజులు పడుతుందన్నారు.

ఆ సంగతి నాయన చెవిన పడింది. ఎవరూ పిలవకుండానే మిల్లుకు పోయి సావుకారి ముందు నిలబడ్డాడు. ఆ పూట అమ్మకు చెబుతుంటే నేను విన్నాను.

"జట్కాలకు గుడ్డ బిగించేటోన్ని, కారుకు బిగించలేనా అని అడిగినా. శుక్రవారం పొద్దునకు ఇస్తానని మాటిచ్చినా."

"కారు లోపల ఎప్పుడన్నా సూసినావా నువ్వు?" అని అడిగింది అమ్మ.

"రేపు సూస్తా" అన్నాడు నాయన.

ఈ పని నిలబడితే ఊళ్ళో ఉన్న మిగతా కార్లూ, జీపులూ వస్తాయని ఆయన ఆశ. చెడితే జట్కా గూళ్ళకు కూడా మనిషి రాడని భయం. ఆ భయం ఆయన చెప్పలేదు, తర్వాత ఎన్నో ఏళ్ళకు అమ్మ చెప్పింది.

కారుకు కావలసిన గుడ్డ ఎమ్మిగనూరులో మా అమ్మ నాయన, అంటే మా తాత నేసినదే తెప్పించారు. మందపాటి నూలు, బూడిదరంగు అద్దినది. ఆదివారం నాడు కారు మా అంగడి ముందరి రేకుల పందిట్లోకి వచ్చింది. దానితోపాటే సావుకారి డ్రైవరు సాయిబు కూడా వచ్చి బల్ల వేసుకొని కూర్చున్నాడు. కారును కంటితో కాకుండా చేత్తో పట్టుకొని కాపలా కాసే రకం ఆయన. నేను సోమవారం బడిలో అందరికీ చెప్పాను, సావుకారి కారు మా నాయన చేతిలో ఉందని. ఎంత గట్టిగా చెప్పానంటే పంతులమ్మ కూడా విని నవ్వింది.

నాయన పాత గుడ్డ విప్పాడు. పైన రేకు కింద ఈ తలుపు నుంచి ఆ తలుపుకు విల్లులాగా వంగిన ఇనుపకమ్మీలు ఐదు ఉన్నాయి. పావడాకు నాడా దూర్చే మడత ఉంటుంది చూడండి, అలాంటి మడతలు గుడ్డ వెనకవైపు ఐదు కుట్టి, వాటిలో ఈ కమ్మీలు దూర్చి, మళ్ళీ కారుకు తగిలించాలి. ఆ తర్వాత గుడ్డ అంచులను చుట్టూ ఉన్న చెక్కకు సన్న మేకులతో కొట్టాలి. పాత గుడ్డ చెక్కుచెదరకుండా ఉంటే దాన్నే కింద పరిచి కొలత తీసుకొనేవాడేమో. ఎలుకలు కొరికింది పోను మిగిలింది చేతిరుమాళ్ళకు కూడా పనికిరాదు. అందుకని కమ్మీకీ కమ్మీకీ మధ్య దూరం టేపుతో కొలిచి, ఆ వెడల్పున తిన్నని పట్టీలు కోసి, వరసగా కలిపి కుట్టాడు.

మొదటిసారి బిగించినప్పుడు నడుమ అద్దంలాగా వచ్చింది. తలుపుల వైపు వచ్చేసరికి ముడతలు పడ్డాయి. ఒకచోట లాగి మేకు కొడితే ఇంకోచోట తేలేవి. మంగళవారం పొద్దున నీళ్ళు చల్లితే బిగుసుకుంటుందని చల్లాడు. కొత్త గుడ్డ కదా, ఆరేకొద్దీ కుంచించుకొంది. వెనక మూలల్లో మేకులు పీక్కొని వచ్చాయి. ముడతలు మాత్రం పోలేదు.

మధ్యాహ్నానికి ఆ సంగతి బడికి చేరింది. నా పక్కన కూర్చొనే పిల్ల అందరూ వినేటట్టు అంది, "మీ నాయన కుట్టింది ముసలమ్మ మొగం మాదిరి ఉండాదంట." ఆ రోజు నేను స్టేషను దారిన రాలేదు. ఇంటికి వచ్చి అమ్మ ఒడిలో పడి ఏడ్చాను. అమ్మ కాసేపు ఏడవనిచ్చింది. తర్వాత నా మొహం పైకెత్తి అడిగింది.

"ముడతలు యాడ వస్తాండాయి? నడుమనా, పక్కలనా?"

"నాకేం తెల్సు?"

"ఏడ్సే ముందు ఒకమారు పోయి సూసి రాలేదా మరి."

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నాకు ఏడుపు ఆగిపోయింది.

మరునాడు, బుధవారం, మధ్యాహ్నం అన్నానికి నేను బడి నుంచి ఇంటికి వచ్చేసరికి అమ్మ క్యారియరు కట్టుకొని గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె అంగడికి వచ్చేది కాదు. బజారులో అంగడికి ఆడవాళ్ళు పోయి నిలబడడం అప్పట్లో మామూలు సంగతి కాదు. ఆ రోజు నా చెయ్యి పట్టుకొని బజారు నడుమ నుంచి నడిచింది.

నాయన నేలమీద కూర్చొని, పీక్కొచ్చిన మేకులను సుత్తితో తిన్నగా కొడుతున్నాడు. అమ్మ అన్నం వడ్డించింది. ఆయన తిని చేయి కడుక్కొనేదాకా ఆగింది. అప్పుడు మెల్లగా అడిగింది.

"లోపలికి పోయి ఒకమారు సూడొచ్చునా?"

నాయన కంటే ముందు డ్రైవరు లేచాడు. "సావుకారి బండి అమ్మా ఇది. లోపల ఎవుర్నన్నా కూసోబెడితే నాకు మాటొస్తాది."

"కూసుంటే అరిగిపోదులే భాయ్" అన్నాడు నాయన. "సూడనీ."

అమ్మ చెంగు దోపుకొని లోపలికి పోయింది. వెనక సీటు మీద మోకాళ్ళు ముడుచుకొని వెల్లకిలా పడుకొంది. నేను తలుపు దగ్గర నుంచి చూస్తున్నాను. చాలాసేపు కదలకుండా పైకి చూసింది. తర్వాత రవిక కొలతలకు వాడే దారం బొడ్లోంచి తీసి, నడుమన ఒక కమ్మీ నుంచి ఇంకో కమ్మీకి కప్పు వంపును అంటిపెట్టుకొనేటట్టు పెట్టి, ముడి వేసింది. అదే దారాన్ని తలుపు వైపు అవే కమ్మీల మధ్య పెట్టింది. అక్కడ ముడి కమ్మీని దాటి పోయింది, రెండు వేళ్ళ వెడల్పు.

బయటికి వచ్చి దారం నాయన చేతిలో పెట్టింది. "నడుమ ఇంత ఉండాది. తలుపు కాడ రెండు వేళ్ళు తక్కువుండాది. నువ్వు రెండు తావులా ఒకటే కొలత పెట్టినావు. ఎక్కువైన గుడ్డ యాడికి పోతాది? ముడతై కూసుంటాది."

"టేపు పెట్టి కొలిచినా గదమ్మే."

"నడుమ ఒక్కచోటనే కొలిచింటావు. జట్కా గూడు ఒక పక్కకే వంగుతాది, యాడ కొలిచినా ఒకటే. ఇది నాలుగు పక్కలా వంగుతాది." డ్రైవరు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "నేను రవికకు ఎట్ల కోస్తానో అట్ల కోయల్ల దీన్ని."

నాయన దారాన్ని వేలికి చుట్టుకొంటూ, విప్పుకొంటూ నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పనిలో, పరాయి మనిషి ముందు, పెళ్ళాం తప్పు చెప్పింది. అప్పట్లో అది చిన్న సంగతి కాదని నాకు కూడా తెలుసు. క్యారియరు విసిరికొడతాడేమోనని భయపడి దాన్ని నా దగ్గరికి లాక్కొన్నాను.

"ముందు కాగితం మీద కోసి సూపిస్తావా?" అన్నాడు.

అమ్మ పాత పేపర్లను గంజితో అతికి, కమ్మీ నుంచి కమ్మీ దాకా పట్టే ఒక ముక్క కోసింది. నడుమ వెడల్పుగా, రెండు కొసలకు సన్నగా, పెద్ద ఆకులాగా ఉంది అది. నాయన ఒక కొస, డ్రైవరు ఇంకో కొస పట్టుకొని కమ్మీల కింద అదిమారు. ఎక్కడా లేవలేదు, ఎక్కడా తక్కువ పడలేదు. నాయన దాని కింద అరచేతిని ఇటు నుంచి అటు, మళ్ళీ అటు నుంచి ఇటు రాశాడు.

"ఇంగ నువ్వే కొయ్యి" అన్నాడు.

కోయడానికి ఉన్నది ఆ చెడిన గుడ్డే. ఎమ్మిగనూరు నుంచి కొత్తది తెచ్చి రంగు అద్దించే వ్యవధి లేదు. అమ్మ కుట్లన్నీ విప్పి, ఆ గుడ్డను తొట్టిలో నానబెట్టి, గంజి అంతా పోయేదాకా ఉతికి నీడలో ఆరేసింది. ఎంత కుంచించుకోవాలో అంతా ముందే కుంచించుకోనీ అంది. గురువారం పొద్దున ఇస్త్రీ చేసి, తన చేతిమిషను తానే ఎత్తుకొని అంగడికి వచ్చింది. నాయన మొదట కుట్లలోకి గుడ్డ ఎక్కువే మడిచి ఉన్నాడు, తలుపుల వైపు కొలత తగ్గేదే, కాబట్టి గుడ్డ సరిపోతుంది, అయితే ఒక్కసారికే.

"కోసినాక మళ్ళా గుడ్డ లేదు" అన్నాడు నాయన.

"తెల్సు" అంది అమ్మ. కత్తెర పెట్టింది.

ఆ రోజంతా ఆయన రోజూ కూర్చొనే చాప మీద అమ్మ కూర్చొంది. ఆయన పక్కన నిలబడి ముక్కలు అందించాడు. బజారులో పోయేవాళ్ళు ఆగి చూశారు. ఒకరిద్దరు నాయనను పక్కకు పిలిచి ఏదో అన్నారు. అమ్మ కనపడకుండా అడ్డంగా గోనెపట్టా కట్టుకోమని చెప్పి ఉంటారు. నాయన కట్టలేదు. వెలుతురు రాదు అన్నాడు.

మధ్యాహ్నం నుంచి ఇద్దరూ కలిసి బిగించారు. నడిమి కమ్మీ ముందు తగిలించి, ముందుకొకటి వెనకకొకటి చొప్పున పోయారు. నాయన అలవాటుకొద్దీ బలం పెట్టి లాగబోతే అమ్మ ఆయన మణికట్టు మీద చెయ్యి వేసి, "లాగొద్దు, నిమురు" అంది. ఆయన నిమిరాడు. మేకులు కొట్టడంలో మాత్రం ఆయన చేతికి ఎవరూ సాటి కారు. ఒక్క దెబ్బకు ఒక మేకు. గుడ్డ అంచు మీద అదే రంగు పట్టీ కప్పి ముగించేసరికి దీపాలు పెట్టే వేళయింది.

శుక్రవారం పొద్దున నేను బడి ఎగ్గొట్టాను. అమ్మ రాలేదు, ఇంట్లో పని ఉందని ఉండిపోయింది. సావుకారి వచ్చాడు, వెంట ఇద్దరు మిల్లు యజమానులు. సావుకారి లోపల కూర్చొని పైకి చూశాడు. చేత్తో తడిమాడు. ముందు సీటులోకి మారి అక్కడా తడిమాడు. వెంట వచ్చినవాళ్ళు తలలు లోపల పెట్టి చూశారు.

"బళ్ళారికి పంపించి ఉంటే గూడా ఇంత బాగ చేసేటోళ్ళు గాదేమో" అన్నాడు సావుకారి. "నీ చేతిలో ఇంత పని ఉండాదని నాకు తెలీదప్పా."

నా గుండె ఉబ్బిపోయింది. ఇప్పుడే బడికి పరుగెత్తి ఆ పిల్లకు చెప్పాలనిపించింది. నాయన భుజం మీది తువ్వాలు తీసి చేతులు తుడుచుకొన్నాడు.

"ఇది నా పని గాదు సావుకారీ. నేను రెండుమార్లు చెడగొట్టినా. కొలిచింది, కోసింది, కుట్టింది నా భార్య. నేను మేకులు కొట్టినా, అంతే."

వెంట వచ్చినవాళ్ళలో ఒకాయన నవ్వాడు. "పెండ్లాము నేర్పిస్తే పనిచేసేటోనివా నువ్వు? ఈ మాట నలుగురిలో చెప్పుకుంటారా ఎవురన్నా."

నాయన మొహం ఎర్రబడింది. కానీ గొంతు మారలేదు. "చెప్పకుంటే నాది గాని పనికి నేను మెప్పు తీసుకున్నట్టయితాది గదయ్యా. రేపు మీ కారు గూడా తెస్తే ఆమే కోస్తాది. అప్పుడు తెలిసేదానికన్నా ఇప్పుడే తెలిస్తే మంచిది."

సావుకారి మళ్ళీ ఒకసారి పైకి చూశాడు. "మా అమ్మికి నా మాటగా చెప్పు, చానా బాగుండాదని" అన్నాడు. అమ్మను తన ఇంటి ఆడపిల్లను అన్నట్టే అన్నాడు.

నేను బడికి పోలేదు. ఇంటికి పరుగెత్తాను. అమ్మ చేట ముందర పెట్టుకొని కొర్రలు చెరుగుతోంది. ఆయాసపడుతూ జరిగిందంతా చెప్పాను. సావుకారి మెచ్చుకొన్నాడన్నప్పుడు ఆమె తల ఊపింది, చేట ఆపలేదు. నాయన ఏమన్నాడో చెప్పినప్పుడు చేట ఆగింది.

"అట్లన్నాడా?"

"అన్నాడు. నువ్వే కుట్టినావని."

"ఇంగా ఎవురుండారు ఆడ?"

"ఇద్దరు మిల్లోళ్ళు, డ్రైవరు సాయిబు, రోడ్డు మీద పోయేటోళ్ళు."

"మళ్ళా ఒకసారి చెప్పు. నాయన అన్నమాట అట్లనే చెప్పు."

చెప్పాను. ఇంకోసారి కూడా చెప్పించుకొంది. తర్వాత చేటను పక్కన పెట్టి, కొంగుతో మొహం తుడుచుకొని, పొయ్యి మీద అన్నం చూడడానికి లేచింది. ఆ రోజు మధ్యాహ్నం నాకు నెయ్యి ఎక్కువ పడింది.

కొన్ని వారాల తర్వాత సావుకారి పత్తి పని మీద ఎమ్మిగనూరు పోతూ, గుడ్డ నేసినాయనకు కూడా చూపిద్దాం రమ్మని మా ముగ్గురినీ కారులో ఎక్కించుకొన్నాడు. దారి పొడవునా నేను కిటికీలోంచి చూడలేదు, పైకే చూశాను. మా తాత మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, కారులోకి తల పెట్టి, తన గుడ్డను తాను గుర్తుపట్టడానికి కాసేపు తీసుకొన్నాడు. ఎవరు కుట్టారని అడిగితే నాయన చెప్పాడు. తాత మనుషులను పొగిడే రకం కాదు. "పడుగు యాడా వంకర పోలేదు" అన్నాడు. గుడ్డలో నిలువుపోగు తిన్నగా నిలిచిందని దానర్థమనీ, నేతపనివాడి నోట అంతకంటే పెద్దమాట ఉండదనీ తిరుగుదారిలో అమ్మ నాకు విడమరచి చెప్పింది.

ఆ తర్వాత మా అంగడికి కార్లు వచ్చాయి, జీపులు వచ్చాయి, ఒకసారి ఆసుపత్రి వ్యాను కూడా వచ్చింది. నవ్విన మిల్లాయన తన కారు పంపడానికి ఏడాది పట్టింది గానీ పంపాడు. వచ్చిన ప్రతివాళ్ళకూ నాయన కోత ఆమెది, బిగింపు నాది అని ముందే చెప్పేవాడు. బడిలో నేను కూడా దిద్దుకొన్నాను. సావుకారి కారు మా నాయన కుట్టలేదు, మా అమ్మ కుట్టింది అని లేచి నిలబడి చెప్పాను. కొందరు నవ్వారు. నాకు ఆ నవ్వు తగల్లేదు.

పెద్దయ్యాక నేను పంతులమ్మనయ్యాను. చివరి ఏళ్ళలో ఎమ్మిగనూరు దగ్గర ఒక బడికి పెద్ద పంతులమ్మగా ఉన్నాను. ఒకసారి ఆదోని నుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చి, మా బడికి ఆడపిల్లలు ఇంతమంది ఎలా వస్తున్నారని ఆశ్చర్యపోయి, అందరి ముందూ నన్ను మెచ్చుకొన్నాడు. నేను చిన్నగా నవ్వి చేతులు జోడించాను. నిజానికి అది నా గొప్పతనం కాదు. మా బడిలో పనిచేసే ఆయమ్మ రోజూ పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి, పత్తిచేలకు పోబోయే పిల్లలను తల్లులతో వాదించి చేయి పట్టుకొని తెచ్చేది. ఆయన మెచ్చుకొనేటప్పుడు ఆమె నా వెనకే నీళ్ళ గ్లాసు పట్టుకొని నిలబడి ఉంది.

ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు. మరునాడు పొద్దున బస్సెక్కి ఆదోని పోయి, ఆ అధికారి ముందు కూర్చొని, ఆమె పేరు చెప్పి, కాగితం మీద రాయించి వచ్చాను. దీనికోసం ఇంతదూరం వచ్చారా అని ఆయన వింతగా చూశాడు. ఆ చూపుకు నాకు సిగ్గు వేయలేదు. ముందు రోజు చేతులు జోడించినందుకే వేసింది. మా నాయనకు ఆ మాట అనడానికి చేతులు తుడుచుకొన్నంత సేపు పట్టింది. నాకు ఒక పూర్తి రోజు పట్టింది. అప్పటి నుంచి మాత్రం ఎవరైనా నన్ను మెచ్చుకోబోతే, వాళ్ళ మాట ముగిసేలోగానే ఆ పని చేసినవాళ్ళ కోసం వెనక్కి తిరిగి చూస్తాను.